ఆల్ట్ పట్టుకుని ఒకే నంబర్ కొడితే ఒకచోట ₹ వస్తాంది, ఇంకోచోట ╣ వస్తాంది, ఎందుకు?

కర్నూలు_లెక్కల_టీచర్

అందరికీ నమస్తే. నేను కర్నూల్లో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్తాను. యూనిట్ టెస్టు పేపర్లు మేమే టైపు చేసుకోవాల. బయట ఇస్తే డిగ్రీ గుర్తు బదులు సున్నా కొట్టి పంపిస్తారు, 45 డిగ్రీల కోణం కాస్తా 450 అయి కూర్చుంటాది, పిల్లోళ్లు ఆ లెక్క ఎట్ల చేస్తారు చెప్పండి. అందుకని ఆల్ట్ కోడ్ల చార్టు ఒకటి ప్రింటు తీసి పక్కన పెట్టుకున్నా. సగం వస్తాయి, సగం రావు. ఆల్ట్ పట్టుకుని 251 కొడితే √ వస్తుంది, 0176 కొడితే ° వస్తుంది, ఇంతవరకు బాగుంది. 8377 కొడితే వర్డ్‌లో ₹ వస్తుంది, అదే 8377 మా స్కూలు పాత కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి కొడితే ╣ ఇట్లాంటి గీతల ముక్క పడుతుంది. కీబోర్డు అదే, నంబరు అదే. స్టాఫ్ రూమ్ ల్యాప్‌టాప్‌లో అయితే అసలు ఏదీ రాదు. బీటా కోసం 225 అని ఉంటే కొట్టాను, వచ్చింది గానీ ప్రింటులో చూస్తే ఆకారం తేడాగా ఉంది.

చార్టులు వద్దండీ, చార్టులు నాకాడ శానా ఉన్నాయి. ఎందుకు ఇట్ల అవుతుందో ఎవరైనా చెప్తే చాలు.

గుత్తిరోడ్డు_నెట్_సెంటర్

మేడమ్ ముందు ల్యాప్‌టాప్ సంగతి చెప్తా. ఆల్ట్ కోడ్ అనేది కుడిపక్క విడిగా ఉండే నంబర్ ప్యాడ్‌తో మాత్రమే పనిచేస్తాది, పైన వరసలో ఉండే 1 2 3 లతో ఎంత కొట్టినా రాదు. నమ్‌లాక్ కూడా ఆన్‌లో ఉండాల. పాత ల్యాప్‌టాపుల్లో కొన్నిటికి అక్షరాల మీదనే చిన్నగా నంబర్లు అచ్చేసి ఉంటాయి, ఎమ్ మీద 0, జె కె ఎల్ మీద 1 2 3, యు ఐ ఓ మీద 4 5 6 ఇట్ల, ఎఫ్ఎన్ కీతో అవి ఆన్ చేసుకోవచ్చు. కొత్తవాటికి అది కూడా తీసేసినారు. రోజూ పని ఉంటే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ విడిగా అమ్ముతారు, అది తెచ్చి పెట్టుకోండి.

ఇంకొకటి, ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండప్పా. నమ్‌లాక్ ఆఫ్‌లో ఉంటే ప్యాడ్ మీది 4 అనేది ఎడమ బాణం అయిపోతాది. బ్రౌజర్‌లో ఆల్ట్ ఎడమ బాణం అంటే వెనక పేజీకి పో అని. ఆన్‌లైన్ అప్లికేషన్ సగం నింపి అడ్రసులో ఏదో గుర్తు కోసం ఆల్ట్ కోడ్ కొడతారు, అందులో 4 ఉంటే పేజీ వెనక్కి పోయి నింపినదంతా పోతాది. మా సెంటర్‌కి వచ్చే పిల్లోళ్లు ఇట్ల బోలెడుసార్లు ఏడుపు మొహం పెట్టినారు. ఫారం ముట్టుకునే ముందు నమ్‌లాక్ లైటు చూసుకోండి.

చౌరస్తా_డీటీపీ

నేను బళ్లారి చౌరస్తా కాడ డీటీపీ చేస్తా, డాస్ కాలం నుంచి ఈ పనిలోనే ఉండా. మేడమ్ అడిగింది మంచి ప్రశ్న. చార్టు ఇచ్చేవాళ్లు ఎందుకో చెప్పరు, అందుకే జనం సగం వచ్చి సగం రాక ఇదేదో మాయ అనుకుని వదిలేస్తారు.

మొదటి నుంచి చెప్తా. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాంట్లో 256 గుర్తుల పట్టిక ఒకటి ఉండేది, దాన్ని కోడ్ పేజీ 437 అంటారు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు పోను మిగిలిన జాగాల్లో కొన్ని యూరప్ అక్షరాలు, కొన్ని గ్రీకు అక్షరాలు, √ ± ÷ ° ½ లాంటి లెక్కల గుర్తులు, ఇంకా తెర మీద గడులు గీసుకోవడానికి ═ ║ ╔ ╗ ╣ లాంటి గీతల ముక్కలు పెట్టినారు. అప్పట్లో గ్రాఫిక్సు యాడిది, బిల్లు చుట్టూ పెట్టె గీయాలన్నా ఈ ముక్కలు అతికించుకోవాల్సిందే. కీబోర్డు మీద లేని గుర్తు కావాలంటే ఆల్ట్ పట్టుకుని ఆ పట్టికలో దాని నంబరు కొట్టడం, ఆల్ట్ వదలగానే గుర్తు పడుతుంది. ఆల్ట్ వదిలినాకనే పడతాది, ఇది గుర్తుంచుకోండి, కొందరు మధ్యలో వదిలి మళ్లీ పట్టుకుంటారు.

తర్వాత 1985లో విండోస్ వచ్చింది. విండోస్ వేరే పట్టిక పెట్టుకుంది, ఇప్పుడు దాన్నే 1252 అంటాం. గీతల ముక్కలు, గ్రీకు అక్షరాలు తీసేసి వాటి చోట వేరేవి పెట్టినారు. కానీ జనానికి అప్పటికే పాత నంబర్లు అలవాటైపోయినాయి కదా, వాటిని చెడగొట్టకూడదని ఒక ఏర్పాటు చేసినారు: నంబరు ముందు సున్నా లేకపోతే పాత పట్టిక చూడు, సున్నా ఉంటే కొత్త పట్టిక చూడు. అంతే మేడమ్, మొత్తం కథ ఇక్కడే ఉంది. డోర్ నంబర్ ఒకటే, వీధులు రెండు. 248 కొడితే పాత వీధిలో °, 0248 కొడితే కొత్త వీధిలో ø వస్తాది. ° కి కొత్త వీధిలో నంబరు 0176. చార్టు అచ్చేసేవాళ్లు ముందు సున్నాకి విలువేముందిలే అని తీసేస్తారు, అక్కడ పోతాది అంతా.

బీటా సంగతి కూడా ఇదే. పాత పట్టికలో 225 దగ్గర ఒకే గుర్తు పెట్టి దాన్ని జర్మన్ అక్షరం ß గానూ గ్రీకు బీటా గానూ వాడుకున్నారు. విండోస్‌కి వచ్చినాక అది జర్మన్ అక్షరంగానే స్థిరపడింది. మీరు కొట్టింది బీటా కాదు, అందుకే ప్రింటులో తేడా కనపడింది. అసలు β వేరే ఉంది, వర్డ్‌లో ఆల్ట్ పట్టుకుని 946 కొట్టండి. 224 కొడితే వచ్చే α, 227 కొడితే వచ్చే π మాత్రం నిజమైన గ్రీకువే. 233 కొడితే వచ్చేది పెద్ద Θ, త్రికోణమితికి మీకు కావాల్సింది చిన్న θ, అది 952.

కర్నూలు_లెక్కల_టీచర్

చాలా థ్యాంక్స్ అన్నా, సున్నా సంగతి ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. అయితే 8377 ఏ పట్టికలోది? 256 గుర్తులే కదా ఉండేది. ╣ యాడ నుంచి వచ్చింది?

కోడింగ్_అనంతపురం

అది నేను చెప్తాను మేడమ్, మీరు లెక్కల టీచర్ కాబట్టి మీకు బాగా నచ్చుతుంది కూడా.

8377 యూనికోడ్ నంబరు. యూనికోడ్ అంటే ప్రపంచంలో అన్ని లిపుల అక్షరాలకీ కలిపి ఒకే పెద్ద పట్టిక. వర్డ్, వర్డ్‌ప్యాడ్ లాంటివి ఈ పెద్ద నంబర్లని నేరుగా తీసుకుంటాయి. పాత నోట్‌ప్యాడ్ లాంటి ప్రోగ్రాములకి 255 దాకానే తెలుసు, అంతకంటే పెద్ద నంబరు కొడితే దాన్ని 256తో భాగించి శేషం మాత్రం ఉంచుకుంటాయి. 8377ని 256తో భాగించండి. 256 ఇంటూ 32 అంటే 8192, శేషం 185. చౌరస్తా అన్న చెప్పిన పాత పట్టికలో 185 ఏంటంటే ╣. ముందు సున్నా పెట్టి 08377 కొట్టి చూడండి, ఈసారి కొత్త పట్టికలో 185 వస్తుంది, అది చిన్న ¹. ఒక్కసారి ఈ శేషం లెక్క అర్థమైతే ఏ తప్పు గుర్తు వచ్చినా అది యాడ నుంచి వచ్చిందో మీరే కనుక్కోవచ్చు. పిల్లలకి శేషాల పాఠంలో ఇదే ఉదాహరణగా చెప్పండి మేడమ్, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయిస్తే మర్చిపోరు.

ఇంకా వర్డ్‌లో ఇంకో దారి ఉంది, నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. యూనికోడ్ నంబర్లని హెక్స్ అనే పదహారు అంకెల పద్ధతిలో (0 నుంచి 9, ఆ తర్వాత ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలు) రాస్తారు కదా, 8377 అందులో 20బి9 అవుతుంది (బి అంటే ఇంగ్లిష్ అక్షరం కొట్టాలి). పేజీలో మామూలుగా 20బి9 టైపు చేసి వెంటనే ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే అది ₹ అయిపోతుంది. మళ్లీ ఆల్ట్ ఎక్స్ కొడితే తిరిగి కోడ్ అవుతుంది, అంటే ఎవరో పంపిన ఫైల్‌లో తెలియని గుర్తు ఉంటే దాని పక్కన కర్సర్ పెట్టి ఆల్ట్ ఎక్స్ కొట్టి దాని నంబరేందో తెలుసుకోవచ్చు. నాకు దీనికంటే పనికొచ్చే చిట్కా ఇంకోటి లేదు.

కానీ ఒక జాగ్రత్త. ముందు అంకె ఆనుకుని ఉంటే దాన్ని కూడా కోడ్‌లో కలిపేసుకుంటుంది. డిగ్రీకి కోడ్ బి0. మీరు 45 కొట్టి దానికి ఆనించి బి0 కొట్టి ఆల్ట్ ఎక్స్ నొక్కితే డిగ్రీ రాదు, 45బి0 అనే నంబరున్న చైనా అక్షరం వస్తుంది. కోడ్ వరకు మౌస్‌తో సెలెక్ట్ చేసి అప్పుడు ఆల్ట్ ఎక్స్ కొట్టండి.

బండల_షాపు_బేతంచెర్ల

అన్నా మధ్యలో వస్తాండా ఏమనుకోవద్దు. మేం కడప బండలు, బేతంచెర్ల బండలు ఊర్లకి పంపిస్తాం, కొటేషన్ వాట్సాప్‌లో కాదు మెయిల్‌లోనే పంపమంటారు పెద్ద పార్టీలు. సైజులు రెండున్నర ఇంటూ ఒకటిన్నర అడుగులు, మందం ముప్పావు అంగుళం ఇట్ల ఉంటాయి. 2 1/2 అని కొడితే మధ్యలో స్పేస్ పోయి 21/2 అయి ఒక పార్టీ ఫోన్ చేసి ఏందప్పా ఇరవై ఒకటి బై రెండా అని అడిగినాడు. ½ కి 171 కొడతా వస్తాది, పావు కి 172 వస్తాది, ముప్పావుకి 173 కొడితే తలకిందులు ఆశ్చర్యార్థకం వస్తాది. ముప్పావుకి ఎంత?

చౌరస్తా_డీటీపీ

పాత పట్టికలో ముప్పావు లేదబ్బా, పావూ అరా మాత్రమే పెట్టినారు వాళ్లు. కొత్త పట్టికలో మూడూ వరసగా ఉన్నాయి, 0188 ¼, 0189 ½, 0190 ¾. ఇంక నువ్వు ఈ మూడే వాడు, ముందు సున్నాతో. ఇంటూ గుర్తుకి ఎక్స్ అక్షరం కొట్టొద్దు, 0215 కొడితే × వస్తాది, చదివేవాడికి తేటగా ఉంటాది, 2½ × 1½ అని. మందం కొంచెం అటూ ఇటూ అని రాయాలంటే 0177 కొట్టు, ± వస్తాది. చదరపు అడుగుకి ² కావాలంటే 0178.

బండల_షాపు_బేతంచెర్ల

వచ్చిందన్నా! 2½ × 1½, మందం ¾. శానా థ్యాంక్స్. ఎక్సెల్‌లో కూడా వస్తాయా ఇవి?

చౌరస్తా_డీటీపీ

ఈ మూడంకెలవి, సున్నాతో కొట్టేవి, యాడైనా వస్తాయి. ఎక్సెల్‌లో ఆల్ట్ ఎక్స్ మాత్రం పనిచేయదు.

కోడింగ్_అనంతపురం

ఎక్సెల్‌లో రేట్ల లిస్టు పెద్దదైతే ఫార్ములాతో తెచ్చుకో అన్నా. ఈక్వల్ టు పెట్టి యూనికార్ అని రాసి బ్రాకెట్లో 8377 పెడితే ₹ వస్తుంది, 2013 ఎక్సెల్ నుంచి ఉంది. అంతకంటే పాతది అయితే కార్ ఫార్ములా ఉంటుంది కానీ అది 255 దాకానే.

అసలు రూపాయికి కోడ్ గుర్తుపెట్టుకునే పని కూడా లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో కీబోర్డు ఇంగ్లిష్ ఇండియా పెట్టుకుంటే కుడి పక్క ఆల్ట్ పట్టుకుని పైన వరసలో 4 కొడితే ₹ వస్తుంది. మన దగ్గర చాలా మెషీన్లలో ఇంగ్లిష్ యూఎస్ కీబోర్డే ఉంటుంది, కొన్నప్పుడు ఎట్ల ఇచ్చినారో అట్లనే వాడుతుంటారు. రూపాయి గుర్తుని 2010 జూలై 15న కేంద్రం ఆమోదించింది, ఆ సంవత్సరం అక్టోబర్‌లో వచ్చిన యూనికోడ్ 6.0లోనే దానికి నంబరు పడింది. 437, 1252 పట్టికలు అంతకు శానా ముందే అచ్చయిపోయినాయి కాబట్టి వాటిలో దానికి చోటు లేదు. అందుకే రూపాయికి మూడంకెల ఆల్ట్ కోడ్ అంటూ ఎవరు చెప్పినా నమ్మొద్దు.

సర్వే_పని_అనంత

చౌరస్తా అన్నా, డిగ్రీకి 167 అని కొన్ని చార్టుల్లో ఉంటుంది. అది కూడా సున్నాలాగే పైన పడుతుంది. ఏది కరెక్టు?

చౌరస్తా_డీటీపీ

167 కొడితే వచ్చేది º, అది డిగ్రీ కాదు. స్పానిష్‌లో మొదటివాడు రెండోవాడు అని అంకె పక్కన పెట్టే చిన్న ఓ అక్షరం. కొన్ని ఫాంట్లలో దాని కింద గీత కూడా ఉంటాది, అప్పుడు కనిపెడతారు, గీత లేని ఫాంట్ అయితే ఎవరికీ తెలీదు. ఫైల్‌లో వెతికినప్పుడు, ఇంకో సాఫ్ట్‌వేర్‌కి ఎక్కించినప్పుడు దొరకదు. డిగ్రీకి 0176 ఒక్కటే వాడండి, ల్యాకపోతే 248. సర్వే పని అంటున్నావు కాబట్టి నీకు ఇది ఇంకా ముఖ్యం.

సర్వే_పని_అనంత

అవునన్నా, మేం అక్షాంశ రేఖాంశాలు రాయాల. ఉదాహరణకి అనంతపురం టౌను దగ్గర దగ్గర 14°41′ ఉత్తరం, 77°36′ తూర్పు. ఈ నిమిషం గుర్తుకి అందరూ మామూలు కోట్ కొడతారు, వర్డ్ దాన్ని వంకర కోట్‌గా మార్చేస్తుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. నిమిషం ′ అసలుది 8242, సెకను ″ 8243, వర్డ్‌లో ఆల్ట్‌తో వస్తాయి. ఎవరికైనా ఉపయోగపడుతుందని పెడుతున్నా. భూమి కాగితాల్లో ఒక చుక్క తేడా వచ్చినా ఇద్దరు అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుతారు మన సీమలో, కాబట్టి నేను ఈ గుర్తుల విషయంలో అస్సలు ఊరుకోను, మా ఆఫీసులో కొత్తగా వచ్చిన పిల్లలకి మొదట నేర్పించేది ఇదే.

కొత్త_మొబైల్_కడప

ఇంత కష్టం ఎందుకు అన్నా ఈ రోజుల్లో. విండోస్ కీ పట్టుకుని చుక్క కొడితే ఎమోజీ ప్యానెల్ తెరుచుకుంటుంది, అందులో గుర్తుల ట్యాబ్ ఉంటుంది, ₹ ° √ అన్నీ మౌస్‌తో నొక్కుకోవచ్చు. విండోస్ 10, 11 రెండిట్లో ఉంది. నంబర్లు కంఠస్థం చేసే కాలం పోయింది.

చౌరస్తా_డీటీపీ

తమ్ముడూ నువ్వు చెప్పింది నిజమే, ఎప్పుడో ఒకసారి కావాలంటే అదే మేలు. కానీ మేడమ్ ఒక పేపర్‌లో ° గుర్తు ఎన్నిసార్లు కొట్టాలో చూడు, ప్రతిసారి ప్యానెల్ తెరిచి వెతికి మౌస్ పట్టుకుని నొక్కి మళ్లీ కీబోర్డ్ మీదికి రావాలంటే పని సాగదు. చెయ్యి ప్యాడ్ మీద ఉంటే 0176 కొట్టడం క్షణం కూడా పట్టదు. రోజూ వాడేవి ఆరో ఏడో ఉంటాయి ఎవరికైనా, అవి చేతికి వచ్చేస్తాయి, మిగతావి వెతుక్కోవచ్చు. పైగా పాత సిస్టమ్‌లు ఇంకా నడుస్తాండాయి మన ఊర్లలో, వాటిలో ఆ ప్యానెల్ యాడుంటాది. క్యారెక్టర్ మ్యాప్ అని ఒకటి శానా కాలం నుంచి ఉంది, స్టార్ట్‌లో చార్‌మ్యాప్ అని కొడితే తెరుచుకుంటాది, కొత్త పట్టికలో ఉండే ° లాంటి గుర్తు మీద నొక్కితే కింద కుడి మూల దాని ఆల్ట్ నంబరు కూడా చూపిస్తాది. ఏ చార్టు కంటే అది నమ్మకం.

కర్నూలు_లెక్కల_టీచర్

నేను అన్న మాటకే ఓటు. పేపర్ టైపు చేసేటప్పుడు చెయ్యి ఆగకూడదు. అన్నా ఇంకొక సందేహం, పేపర్ కొంత తెలుగు మీడియం పిల్లలకి కూడా చేస్తాం. అక్కడ పేజ్‌మేకర్‌లో తెలుగు ఫాంట్‌తో చేసిన ఫైల్‌లో 0176 కొడితే డిగ్రీ రాకుండా ఏదో తెలుగు ఒత్తు లాంటిది వస్తుంది.

చౌరస్తా_డీటీపీ

అది పాత పద్ధతి తెలుగు ఫాంట్ మేడమ్, అను లాంటివి. అవి యూనికోడ్ రాకముందు తయారైనాయి. అప్పుడు 256 గుర్తుల పట్టికే ఉంది కదా, తెలుగుకి అందులో చోటు లేదు, అందుకని ఇంగ్లిష్ పట్టికలోని జాగాలనే తీసుకుని వాటిలో తెలుగు తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా కూర్చినారు. కంప్యూటర్ లెక్కలో అక్కడ ఉండేది ఇంగ్లిష్ గుర్తే, ఫాంట్ దానికి తెలుగు బొమ్మ తొడుగుతాది. కాబట్టి ఆ ఫాంట్‌లో 0176 జాగాలో ఏ తెలుగు ముక్క ఉంటే అదే పడతాది. ఆ ఒక్క గుర్తుని సెలెక్ట్ చేసి ఇంగ్లిష్ ఫాంట్ మార్చండి, డిగ్రీ అయిపోతాది. మా డీటీపీ వాళ్లం ఇదే కిటుకు తిప్పి వాడతాం, కీబోర్డు లేఅవుట్‌లో దొరకని ఒత్తు ఏదన్నా ఉంటే దాని ఆల్ట్ నంబరు కొట్టి తెచ్చుకుంటాం. పెళ్లి కార్డుల్లో కొన్ని ఇంటిపేర్లకి ఇది తప్పదు. ఒక్కో ఫాంట్ కుటుంబానికి ఒక్కో అమరిక కాబట్టి ఆ నంబర్లు ఇక్కడ రాసి లాభం లేదు.

లినక్స్_వాడుతా

విండోస్ వాళ్ల గోల అయిపోతే నేను రెండు ముక్కలు. ఉబుంటులో ఆల్ట్ నంబర్లు ఉండవు. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని యు నొక్కితే కింద గీతతో యు పడుతుంది, తర్వాత 20బి9 కొట్టి ఎంటర్ నొక్కితే ₹. మ్యాక్‌లో డిగ్రీకి ఆప్షన్, షిఫ్ట్ పట్టుకుని 8. మా కాలేజీ ల్యాబ్‌లో పిల్లలు ఎక్కువ లినక్సే కాబట్టి చెప్పాను.

శాసనాలు_కడప

చాలా మంచి చర్చ నడుస్తోంది, నేను వేరే పని మీద ఇక్కడికి వచ్చాను. మా జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం ఉంది, రేనాటి చోళుల ధనంజయుడి కాలానిది, దాని గురించి, ఎర్రగుడిపాడు శాసనం గురించి పిల్లలకి ఒక చిన్న పుస్తకం వర్డ్‌లో తయారు చేస్తున్నాను. పాత శాసనాల్లో ఇప్పుడు మనం వాడని ఴ అనే అక్షరం ఉంటుంది, దాన్ని మామూలు ళ గా మార్చి రాయడం నాకు ఇష్టం లేదు. చెక్కినవాడు ఏ అక్షరం చెక్కాడో పిల్లలు అదే చూడాలి కదా. అట్లనే ఱ, అరసున్న, పాత నిఘంటువుల్లో చ, జ ల మీద గుర్తు పెట్టే ౘ ౙ, ఇవన్నీ కావాలి. ఫోన్ కీబోర్డులో ఱ దొరికింది, మిగతావి వెతికి వెతికి విసుగొచ్చింది. వీటికి కూడా నంబర్లు ఉంటాయా?

కోడింగ్_అనంతపురం

ఉంటాయి సార్, బ్రహ్మాండంగా ఉంటాయి. తెలుగుకి యూనికోడ్‌లో 3072 నుంచి 3199 దాకా 128 జాగాలు కేటాయించినారు. అరసున్న 3073, ఱ 3121, మీరడిగిన ఴ 3124, ౘ 3160, ౙ 3161. వర్డ్‌లో ఆల్ట్ పట్టుకుని ప్యాడ్ మీద ఇవే కొట్టండి. ఆల్ట్ ఎక్స్ పద్ధతిలో అయితే ఴ కి 0సి34. ౘ ౙ 2008లో యూనికోడ్ 5.1తో వచ్చినాయి, ఴ ఇంకా ఆలస్యం, 2014లో 7.0తో వచ్చింది. అందుకే పాత ఫోన్లలో, పాత కీబోర్డుల్లో అది దొరకదు.

తెలుగు అంకెలు కావాలన్నా వరసగా ఉన్నాయి, 3174 ౦, 3175 ౧, అట్ల 3183 దాకా. మీ పుస్తకానికి పేజీ నంబర్లు వీటితో వేస్తే బాగుంటాది సార్.

ఇంకా ఒక సంగతి: కోడ్ కొట్టే ముందు విండోస్ కీ, స్పేస్ నొక్కి ఇంగ్లిష్ కీబోర్డ్‌కి మారండి. విండోస్‌లో తెలుగుకి పాత 256 గుర్తుల కోడ్ పేజీ లేదు, నేరుగా యూనికోడే, కాబట్టి తెలుగు కీబోర్డు ఆన్‌లో పెట్టుకుని 0176 లాంటివి కొట్టి ఏం వస్తుందో అని చూసే బాధ పెట్టుకోకండి.

శాసనాలు_కడప

ఴ వచ్చింది! "చోఴ" అని మొదటిసారి నా చేత్తో టైపు చేశాను, చెప్పలేనంత సంతోషంగా ఉంది. పద్నాలుగు వందల ఏళ్ల కింద రాతి మీద ఉన్న అక్షరం ఈ రోజు మా టేబుల్ మీద పడింది.

అయితే ఇంకొక చిక్కు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలు, "రాజ్‌కుమార్" లాంటి పేర్లు కొట్టినప్పుడు ఒత్తులు కలిసిపోయి రాజ్కుమార్ అవుతుంది. దాన్ని విడదీయడానికి స్పేస్ పెడితే మాట రెండు ముక్కలవుతుంది.

సర్వే_పని_అనంత

సార్ దానికి కనపడని అక్షరం ఒకటి ఉంది, వర్డ్‌లో ఆల్ట్ 8204. పొల్లు పడిన తర్వాత దాన్ని కొట్టి తర్వాత అక్షరం కొడితే ఒత్తు అతుక్కోదు, మాటా విడిపోదు. మా ఊర్ల పేర్ల లిస్టులో నేను ఇదే వాడతాను. పక్కనే 8205 అని ఇంకోటి ఉంది, దాని పని వేరే, కలపడానికి, రెండూ మార్చి కొట్టకండి.

చౌరస్తా_డీటీపీ

ఇది నాకూ కొత్తే. 8204. రాసుకున్నా.

శాసనాలు_కడప

అద్భుతం. ఇంత చిన్న సంగతి కోసం ఎన్ని పేర్లు తప్పుగా అచ్చయ్యాయో. చివరగా ఒకటి, పాత భూదాన శాసనాల్లో, ఊర్ల చరిత్రలు రాసిన కైఫీయతుల్లో ధాన్యం కొలతలు, భిన్నాలు ఉంటాయి, తూము అని రాయడానికి వేరే గుర్తు ఉండేది. అది కూడా ఉందా?

కోడింగ్_అనంతపురం

ఉంది సార్! 128 జాగాల్లో చివరిది, 3199, అదే తూము గుర్తు ౿. దాని ముందర 3192 నుంచి 3198 దాకా పాత తెలుగు భిన్నాల అంకెలు ఉన్నాయి, నాలుగేసి భాగాలు చేసుకుంటూ పోయే లెక్కకి వాడినవి. పావు, అందులో పావు, ఇట్ల. లెక్కల టీచర్ మేడమ్ మీరు కూడా ఒకసారి చూడండి, దశాంశాలు కాకుండా నాలుగు మీద నడిచే భిన్నాలు మనవాళ్లు వాడినారని పిల్లలకి చూపించొచ్చు.

కర్నూలు_లెక్కల_టీచర్

తప్పకుండా చూపిస్తాను. నాకు ౿ బదులు ఖాళీ గడి వచ్చింది, నంబరు సరిగ్గానే కొట్టాను.

కోడింగ్_అనంతపురం

గడి వచ్చిందంటే నంబరు కరెక్టే మేడమ్, మీ ఫాంట్‌లో ఆ గుర్తుకి బొమ్మ లేదని అర్థం. ╣ వస్తే పట్టిక తప్పు, గడి వస్తే ఫాంట్ తప్పు, ఈ రెండిటికీ మందు వేరు. నోటో సెరిఫ్ తెలుగు ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, దింపుకుని ఆ గుర్తుకి పెట్టండి. శాసనాల సార్ కూడా ఴ కి అదే వాడుకోండి. ప్రెస్‌కి వర్డ్ ఫైల్ పంపొద్దు, వాళ్ల మెషీన్‌లో ఆ ఫాంట్ లేకపోతే మళ్లీ గడులే. పీడీఎఫ్ చేసి పంపండి, చేసేటప్పుడు ఫాంట్ అందులోనే ఎక్కిందో లేదో పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అని ఉంటుంది, అక్కడ ఎంబెడెడ్ అని కనపడాల.

వర్డ్ బయట కూడా ఈ పెద్ద నంబర్లు కావాలంటే రిజిస్ట్రీలో ఒక మార్పు ఉంది, చేతనైనవాళ్లే చెయ్యండి. కరెంట్ యూజర్ కింద కంట్రోల్ ప్యానెల్, అందులో ఇన్‌పుట్ మెథడ్, అక్కడ ఎనేబుల్ హెక్స్ నమ్‌ప్యాడ్ అని మాటల మధ్య ఖాళీ లేకుండా ఇంగ్లిష్‌లో స్ట్రింగ్ వాల్యూ ఒకటి పెట్టి దానికి 1 ఇవ్వాలి. సైన్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అయినాక ఆల్ట్ పట్టుకుని ప్యాడ్ మీద ప్లస్ నొక్కి 0సి34 కొట్టి వదిలితే ఴ వస్తుంది. ఎఫ్ అక్షరం ఉన్న కోడ్‌లకి కొన్ని ప్రోగ్రాముల్లో ఫైల్ మెనూ తెరుచుకుంటుంది, అప్పుడు వర్డ్‌లో చేసి కాపీ చేసుకోవడమే.

శాసనాలు_కడప

నోటో ఫాంట్ పెట్టాను, ఴ, ౿ రెండూ వచ్చాయి. పీడీఎఫ్‌లో ఎంబెడెడ్ సబ్‌సెట్ అని చూపిస్తోంది, అది పర్వాలేదా?

చౌరస్తా_డీటీపీ

పర్వాలేదు సార్, మీ పుస్తకంలో వాడిన అక్షరాల వరకే ఎక్కించుకుంది అని. ప్రెస్‌కి పంపండి.